మా వదిన అటక

మా వదిన ఆదిలక్ష్మమ్మ ఇంట్లో కనిపించలేదంటే అటక మీద ఉన్నట్టే. ఆత్మకూరు బజారు వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పొరుగింటివాళ్ళు వచ్చి వంటింట్లోకి తొంగిచూసి, పెరట్లోకి తొంగిచూసి, చివరికి తల పైకెత్తి పిలిచేవారు. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, ఆమె నిచ్చెన ఎక్కుతుంటే "పుట్టింటికి పోతా ఉండావా వదినా?" అని వెనక నుంచి కేకేసేదాన్ని. ఆ మాటలో ఎంత నిజముందో తెలిశాక కూడా కొన్నాళ్ళు మానలేదు. నా నోరు అటువంటిది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పేరు సుబ్బరత్నమ్మ. పన్నెండో ఏట పెళ్ళి చేశారు, పద్నాలుగో ఏట మొగుడు పోయి ఆ ముచ్చట కాస్తా తీరిపోయింది. అత్తవారు తిప్పి పంపితే మా అన్న మాలకొండయ్య పంచన చేరాను. అన్నది చింతపండు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు. అమ్మా నాయనా నా చిన్నప్పుడే పోయారు. ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్ళందరూ నన్ను జాలిగా చూసేవారు, వదిన తప్ప. ఆమె నన్ను తిట్టేది, పని చెప్పేది, చెప్పిన పని బాగా చేయకపోతే మళ్ళీ చేయించేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

వదిన పుట్టిల్లు ఉదయగిరిలో, కొండ కిందనే. అటక ఆ ఇంట్లో కూడా ఉండేది. వాళ్ళమ్మ శీనమ్మ ఆ అటకను పూజగది కంటే శ్రద్ధగా చూసుకునేదట. బెల్లం అచ్చులు, చింతపండు కుండలు, ఏడాదికి సరిపడా కందిపప్పు, అన్నీ అక్కడే. ఏ కుండా గోడకు ఆనకూడదు, మధ్యలో చెయ్యి దూరేంత సందు ఉండాలి. ఏ పెట్టే నేల మీద ఉండకూడదు, కింద ఇటుకలు ఉండాలి. నాలుగు మూలలా నాలుగు బుట్టల బొగ్గులు. శుక్రవారం నాడు నిప్పుల మీద ఎండు వావిలాకు వేసి ఆ పొగ అటకంతా తిప్పేది. ఆ పని చేసేటప్పుడు ఒకటే చీర, నీలం రంగు నేతచీర. వదినకు పదమూడేళ్ళు వచ్చేదాకా, అంటే మా ఇంటికి కాపురానికి వచ్చేదాకా, వాళ్ళమ్మ వెనకాలే ఆ అటక ఎక్కి దిగింది.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు కార్తీకంలో శీనమ్మకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. వదిన కట్టుబట్టలతో బస్సెక్కింది. ఆ రోజుల్లో ఆ బస్సు బొగ్గుతో నడిచేది. బస్సు అయితే నడిచింది గానీ దారిలో వాగు నడవనివ్వలేదు. రెండు రోజులు వాగు ఇవతలి ఒడ్డున, ముక్కూమొహం తెలియని వాళ్ళ పంచలో కూర్చుంది. నీళ్ళు తగ్గి, అవతలికి దాటి, ఉదయగిరి చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆఖరి చూపు దక్కలేదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ చాకలి వాకిట్లో మూట కడుతున్నాడు. చావు జరిగిన ఇంట్లో గుడ్డ ముక్క మిగలకుండా ఉతికించాలి గదా. వదిన ఏడవడానికి చోటు లేక అటక ఎక్కింది. అక్కడ దండెం మీద ఆ నీలం చీర వేలాడుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు. వదిన దాన్ని చిన్నగా మడిచి తన కొంగులో దాచుకుంది.

ఆ చీరను మా ఇంటికి తెచ్చి, ఉదయగిరి చెక్కపెట్టెలో పెట్టి, అటక మీద చింతపండు కుండల వెనక ఉంచింది. మా అన్నకు చెప్పలేదు. మా అన్నకు మడి, మైల అంటే మహా పట్టింపు. చచ్చిపోయిన మనిషి ఉతకని చీర ఇంట్లో ఉందని తెలిస్తే మరునిమిషం అది చాకలి మూటలో ఉండేది. వదినకు కూడా భయం లేకపోలేదు. దీపం పెట్టే ఇంట్లోకి దాన్ని దించకూడదని తనకు తానే ఒక కట్టు పెట్టుకుంది. అటకకు మైల లేదని ఆమె లెక్క. ఆ లెక్క ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు.

ఒకరోజు ఆమె వెనకాలే నిచ్చెన ఎక్కి వెళ్ళి పట్టేసుకున్నాను. పెట్టె మూత తెరిచి, చీర మీదికి ముఖం వంచి, కళ్ళు మూసుకుని ఉంది. నన్ను చూసి మూత ఠక్కున వేసేసింది. తరవాత ఏమనుకుందో ఏమో, మళ్ళీ తెరిచి "రా, వాసన చూడు" అంది. చూశాను. వావిలాకు పొగ, పసుపు, ఆముదం, పాత చింతపండు, వీటన్నిటి అడుగున ఇదీ అని చెప్పలేని ఇంకో వాసన, మనిషి వాసన.

"ఏంది వదినా ఇది?" అన్నాను.

"మా అమ్మ" అంది.

నాకు మా అమ్మ ముఖమే సరిగా గుర్తు లేదు, ఇక వాసన ఎక్కడ గుర్తుంటుంది. ఆ రోజు వదినను చూస్తే అసూయ వేసింది. ఆ తరవాత నెలకోసారి, శీనమ్మ పోయిన ద్వాదశి తిథికి, ఇద్దరం కలిసి ఎక్కేవాళ్ళం. వదిన రెండు సార్లు పీల్చేది, నన్ను ఒకసారి పీల్చనిచ్చేది, మూత వేసేసేది. ఎక్కువసేపు తెరిస్తే వాసన పోతుందని ఆమె భయం. ఆ పెట్టెలో ఉన్నది తరిగేదే గానీ పెరిగేది కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పటిదాకా మా ఇంటికి నాటు పెంకుల కప్పు. కోతులు ఏటా పెంకులన్నీ తిరగేసి పోయేవి. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించలేక మా అన్న తల ప్రాణం తోకకు వచ్చేది. నలభై ఎనిమిదిలో, యుద్ధానికని తెప్పించిన జింకు రేకులు మిగిలిపోయి మద్రాసులో అమ్ముతున్నారని విని, లారీలో వేయించుకుని వచ్చాడు. బజారు వీధిలో మొదటి రేకుల ఇల్లు మాదే. మిలమిల మెరుస్తుంటే దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవారు. అన్న దుకాణంలో కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ రేకుల గొప్ప చెప్పేవాడు. ఆ ఏడు కార్తీకం వానలకు ఇంట్లో ఒక్క బొట్టు పడలేదు. కోతులు ఎక్కి జారిపడి పోయాయి. అన్నకు అంతకంటే ఏం కావాలి.

మార్గశిరంలో మొదలైంది. వానలు వెనక్కి పోయాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు, తెల్లవారుజామున చలి వణికిస్తోంది. ఒకరోజు పొద్దున్నే వదిన అటక ఎక్కి చూస్తే చింతపండు కుండల మీద కట్టిన గుడ్డలు తడిసి ఉన్నాయి. పెట్టె మూత మీద నీటి బొట్లు. చేత్తో తుడిచి, మూత తెరిచి, చీర తడవలేదని చూసుకుని, కిందికి దిగి వచ్చి "ఇల్లు ఉరస్తా ఉండాది" అంది.

మా వైపు కప్పు నుంచి నీళ్ళు పడితే ఉరవడం అంటారు. ఉరవడం అన్నామంటే ఇక చిల్లు ఉందన్నమాటే. ఆ మాట వదిన నోట్లో నుంచి వచ్చింది, అందరం అదే పట్టుకున్నాం. రేకులు బిగించిన మేస్త్రి వచ్చాడు. పట్టపగలు కప్పు మీద కడవల కొద్దీ నీళ్ళు పోయించాడు. కింద ఒక్క చుక్క పడలేదు. అతను గడ్డం గోక్కుని, ఎందుకైనా మంచిదని ప్రతి మేకు తల మీదా తారు పూసి పోయాడు. మరునాడు పొద్దున మళ్ళీ తడి. చిల్లు కనపడని ఉరవడం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. అది నాదే, ఇంకెవరి మీదా తోయను. గోడ మీదికీ రేకుకూ మధ్య చుట్టూ బెత్తెడు సందు ఉంది. పైన నడికొప్పు దగ్గర రెండు వైపుల రేకులూ కలిసే చోట ఇంకో సందు. తెల్లవారుజామున మంచు ఆ సందుల్లోంచి దూరి లోపల పడుతోంది, అవన్నీ మూసేస్తే సరిపోతుంది అన్నాను. మా అన్న నన్ను మెచ్చుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. మగపిల్లాడివి అయ్యుంటే దుకాణం అప్పగించేవాణ్ణి అన్నాడు. మట్టీ, సున్నమూ, తారులో ముంచిన గుడ్డ పీలికలూ కూరి చుట్టూ సందు లేకుండా చేయించాం. ఎలుక దూరడానికి కూడా దారి లేదు. ఎండాకాలం వచ్చేసింది, తడి ఆగిపోయింది. అది నా తెలివే అనుకుని ఏడాదంతా మురిసిపోయాను.

మరుసటి మార్గశిరానికి నా తెలివి బయటపడింది. ఈసారి బొట్లు కాదు, తెల్లవారేసరికి అటక మీద చిన్న వాన. చింతపండు నల్లబడి పులిసింది. బెల్లం కరిగి పలకల మీదికి కారింది. దూలాలకు తెల్లటి బూజు. పెట్టె అడుగు చెమ్మగిల్లింది, మూత ఉబ్బి సరిగా పడటం లేదు. వదిన తెరిచి చూస్తే చీర అంచు మీద నాలుగు నల్ల మచ్చలు ఉన్నాయి. వాసన ఇంకా ఉంది గానీ, దాని పక్కనే ముక్కిన వాసన వచ్చి కూర్చుంది.

అటక మీదివన్నీ దించి పెరట్లో ఎండకు వేశాం. కుండలు, గుడ్డలు, బుట్టలు, చివరికి పెట్టె కూడా. చీరను మాత్రం వదిన ఒక ఎండు గుడ్డలో చుట్టి అటక మీదే దూలానికి తగిలించింది. నాకు విసుగు పుట్టింది. అన్నీ వేసి దాన్ని వేయకపోతే ఎట్లా, గంటసేపు ఎండలో వెయ్యి, మచ్చలు పోతాయి అని పోరాను.

"ఎండలో వేస్తే మచ్చలు పోతాయి" అంది వదిన. "మా అమ్మ కూడా పోద్ది."

ఎండకు వేస్తే వాసన పోతుంది. వేయకపోతే బూజు పడుతుంది, అప్పుడూ వాసన పోతుంది. ఆ చీర బతకాలంటే దాన్ని ఆరబెట్టకూడదు, అటకే దానంతట అది ఆరి ఉండాలి. ఆ అటకను అట్లా తడిపింది నేనే. ఆ నెల రోజులూ వదిన పొద్దున్నే లేచి, అందరికంటే ముందు నిచ్చెన ఎక్కి, పలకల మీదా దూలాల మీదా పడిన తడినంతా పాత గుడ్డతో తుడిచేది. తుడిచి దిగి వచ్చి స్నానానికి పోయేలోపే మళ్ళీ పట్టేది. ఆమె చేతులు చలికి పగిలిపోయాయి. ఎందుకింత పాట్లు అని అన్న అడిగితే చింతపండు కోసం అని చెప్పేది.

దేవకమ్మ అని, మర్రిపాడు మెట్ట మీద గొర్లూ బర్రెలూ ఉన్న ఇంటి మనిషి, వారానికోసారి లారీ ఎక్కి వచ్చి మాకు నెయ్యి పోసేది. యాభై ఏళ్ళుంటాయి. మాటలో మొహమాటం, ములాజా లేదు, నాకు తగిన మనిషి. ఆ నెలలోనే ఒకరోజు పొద్దున్నే వచ్చింది. పెరటి పంచలో కూర్చుని నెయ్యి కొలుస్తూ, వదిన చేతులు చూసి ఏమైందని అడిగింది. ఇల్లు ఉరుస్తోందని చెప్పాం.

దేవకమ్మ తలెత్తి ఆకాశం చూసింది. "వాన లేని నాడు ఉరవడమేంది శెట్టెమ్మా?"

అదే మాకూ తెలియలేదన్నాం. ఆమె వంటింట్లోకి వచ్చేది కాదు, మేం రమ్మనేవాళ్ళమూ కాదు. అందుకని అక్కడే కూర్చుని నన్ను పంపించింది. పైకి పోయి రేకు కింద చెయ్యి పెట్టి చూడమంది. నీళ్ళు ఒకచోట నుంచి వస్తున్నాయా, అంతటా పట్టి ఉన్నాయా చూసి చెప్పమంది. నేను ఎక్కాను. రెండేళ్ళుగా బొట్లు పడే చోట్లు చూశాం గానీ, రేకును తాకి చూడాలని ఎవరికీ తోచలేదు. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, మేకు ఉన్నచోటా లేనిచోటా, ఒకే తీరుగా సన్నటి బొట్లు నిలబడి ఉన్నాయి, పని చేసిన మనిషి నుదుటి మీద నిలబడినట్టు. అంతటా ఉంది అని పైనుంచి అరిచాను.

నేను దిగి వచ్చేసరికి దేవకమ్మ నెయ్యి కొలవడం ఆపేసింది.

"అది ఉరవడం కాదు తల్లీ, చెమర్చడం" అంది. "నీళ్ళు పైనుంచి రాలా. మీ ఇంట్లో నుంచే పైకి పోయినాయి."

తరవాత తన ఇంట్లో జరిగింది చెప్పింది. ఆమె మరిది కామయ్య ఎక్కడో మిలిట్రీ వాళ్ళ తార్పాలు పట్ట సంపాదించాడు. చలికాలంలో గొర్రెపిల్లలు వెచ్చగా ఉంటాయని వాటి గుడిసె మీద కప్పి, చుట్టూ తడికెలు బిగించి, గాలి చొరకుండా చేశాడు. తెల్లారి చూస్తే పిల్లలన్నీ తడిసి వణుకుతున్నాయి. ఎవరో నీళ్ళు చల్లిపోయారని పక్కింటివాళ్ళతో జగడానికి కూడా పోయాడట. నాలుగు పిల్లలు దగ్గి దగ్గి చచ్చాక గానీ తెలియలేదు, వాటి ఊపిరే పైకి పోయి, పట్టకు తగిలి, తిరిగి వాటి మీదే పడుతోందని. తడికె ఎగువ వైపు ఇంత, దిగువ వైపు ఇంత కోసేశారు. గాలి ఇట్లా వచ్చి అట్లా పోయింది. మరునాటికి గుడిసె ఆరిపోయింది.

"మీరు పూటకు పదిమందికి వండతారు, కాగులో నీళ్ళు కాస్తారు. ఆ ఆవిరంతా ఏడకు పోవాల? పెంకులున్నప్పుడు సందుల్లో నుంచి పోయేది. ఇప్పుడు చల్లటి రేకు పెట్టి, చుట్టూ కూరి పెట్టినారు. ఎవురమ్మా కూరమనింది?"

వదిన నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది. నేనే అని ఒప్పుకున్నాను. దేవకమ్మ, మా మరిది తెలివే నీదీ అనేసి, మిగిలిన నెయ్యి కొలిచింది.

మధ్యాహ్నం అన్న భోజనానికి కూర్చున్నాక విషయం చెప్పాం. కూరినదంతా పీకించాలి, అటకకు తూర్పు గోడలో ఒకటి, పడమటి గోడలో ఒకటి కిటికీలు పెట్టించాలి, కాగు పెరట్లోకి మార్చాలి. అన్న ఒంటికాలి మీద లేచాడు. ఊళ్ళో ఎవరూ వేయని రేకులు తెచ్చి వేసింది చిల్లులు పొడిపించుకోవడానికా అన్నాడు. గొర్లకాపరి మాట విని ఇంటికి బొక్కలు పెట్టాడని బజారంతా నవ్వుతుంది అన్నాడు. చింతపండు కావాలంటే దుకాణంలో పెట్టుకుందాం, అటకను వదిలెయ్యండి అన్నాడు. వ్యాపారస్తుడి లెక్క అది, తప్పనలేను. చింతపండుకు ఇంకో చోటు దొరుకుతుంది.

వదిన వడ్డిస్తున్న గరిటె కింద పెట్టింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొగుడి మాటకు ఎదురు చెప్పింది లేదు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా ఆయన ముందు గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు.

"అటక మీద మా అమ్మ చీర ఉండాది" అంది. "ఉతకని చీర. మీకు చెప్పకుండా దాచినాను. చాకలికి వేస్తారో, కిటికీలు పెట్టిస్తారో, మీ ఇష్టం."

అన్న చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఇక చీర పోయినట్టే అనుకున్నాను. ఆయన చాలాసేపు వదిన చేతుల వైపు, ఆ పగుళ్ళ వైపు చూశాడు. రెండు రోజులు వాగు ఒడ్డున కూర్చుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. మజ్జిగ పోయమన్నాడు, తిని లేచిపోయాడు. మరునాడు పొద్దున మేస్త్రి గడ్డపారతో వచ్చి పడమటి గోడ తవ్వడం మొదలుపెట్టాడు. చీర గురించి అన్న ఆ తరవాత ఒక్క మాట అడగలేదు. నెల తిరిగి ద్వాదశి వచ్చినప్పుడు మాత్రం, వదిన నిచ్చెన ఎక్కుతుంటే ఆయన ఎక్కడి నుంచో వచ్చి, నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

కిటికీలు రెండూ తెరిచిన నాలుగో రోజుకే రేకులు ఆరాయి. అటక మీద గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు హాయిగా పోతోంది. రేకుల కింద బెత్తెడు ఎడంగా తాటాకు చాపలు కట్టించాం, ఎప్పుడైనా బొట్టు పడినా అక్కడే ఆరిపోయేట్టు. పడమటి కిటికీ దగ్గర నిలబడితే దూరంగా ఉదయగిరి వైపు కొండలు నీలంగా కనబడతాయి. వదిన అక్కడ నిలబడి తన పుట్టింటి సంగతి చెప్పుకొచ్చింది. పుట్టింటి అటకకు కూడా ఇట్లాగే రెండు కిటికీలు ఉండేవి, ఒకటి వీధి వైపు, ఒకటి కొండ వైపు. కొండ వైపు కిటికీ కొండను చూసుకోవడానికే పెట్టారని పదమూడేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను అంది. పెంకుల కింద అటక దానంతట అదే ఊపిరి తీసుకుంటుంటే, అమ్మ పద్ధతులేవీ ఇక్కడ అక్కర్లేదని వదిలేశాను అంది. అమ్మ చేసిన ప్రతి పనికీ అర్థం ఉందని తెలిసేసరికి అడగడానికి అమ్మ లేదు. అది చెప్పి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఇటుకల మీద, గోడకు ఎడంగా, పెట్టెను మళ్ళీ పెట్టింది. ద్వాదశి నాడు తెరిచింది. రెండు సార్లు పీల్చింది. నన్ను పీల్చమంది. చీర ఎండిపోయి ఉంది, మచ్చలు అట్లాగే ఉన్నాయి, ముక్కిన వాసన తగ్గింది. ఆ అడుగున ఉండాల్సినది లేదు. చెమ్మ ఆరింది గదా, ఇంకొన్నాళ్ళు పోతే పైకి వస్తుందేమో అన్నాను. ఆమె నమ్మినట్టే తల ఊపింది. మాఘం, ఫాల్గుణం, చైత్రం, ప్రతి ద్వాదశికీ ఎక్కాం. ప్రతిసారీ వదిన పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టి, లోపల ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నట్టు ఉండిపోయేది. అన్న కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉండేవాడు. వైశాఖంలో ఆమె తెరవలేదు. పెట్టె కిందికి దించింది.

చీరను తనే ఉతికింది, చాకలికి వేయలేదు. కుంకుడుకాయ రసంతో రెండు సార్లు ఉతికి ఎండలో ఆరేసింది. ఇప్పుడు ఎండకు భయపడాల్సిన పని లేదు. పక్కనే నిలబడి తలవంచుకుని, సందులు కూరమన్నది నేనే, నీ అమ్మను పోగొట్టింది నేనే అన్నాను. కొట్టినా పడతాననుకున్నాను. ఆమె చీర నీళ్ళు పిండుతూ, ఇంకోపక్క పట్టుకో అంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండాం.

ఆ తరవాత వదిన ఆ చీరను అటక పనికి కట్టుకోవడం మొదలుపెట్టింది. పనిచేస్తే వాళ్ళమ్మలాగే చేయాలని పట్టు పట్టింది. నాలుగు మూలలా బొగ్గుల బుట్టలు, నెలకోసారి వాటిని ఎండబెట్టి మళ్ళీ పెట్టడం. ఆషాఢంలో చింతపండును ఆముదం రాసిన చేతులతో తిరగేసి కుండలకెత్తడం. కందిపప్పుకు పసుపు పట్టించడం. శుక్రవారం శుక్రవారం వావిలాకు పొగ. ఆ ఆకు మాకు దగ్గర్లో దొరికేది కాదు, దేవకమ్మ వాగు ఒడ్డు నుంచి కోసి మోపులుగా తెచ్చేది. ఏళ్ళు గడిచాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, పెద్ద పిల్లవాడు నెల్లూరులో కాలేజీలో చేరాడు, మా వీధిలో ఇంకో మూడు రేకుల ఇళ్ళు లేచాయి. రేకులు చెమరుస్తున్నాయని ఎవరైనా వస్తే మా అన్న పెద్ద మేస్త్రిలాగా కూర్చోబెట్టి, ఎదురెదురు కిటికీలు పెట్టించండి అని చెప్పేవాడు. అది దేవకమ్మ చెప్పిన మాట అని మాత్రం చెప్పేవాడు కాదు. నేను లోపల నుంచి గట్టిగా చెప్పేదాన్ని.

యాభై ఏడులోనో ఏమో, ఒక శుక్రవారం వదిన పొగ వేసి అటక దిగి వస్తోంది. నిచ్చెన ఆఖరి మెట్టు మీద కాలు జారి నా మీదికి తూలింది. పట్టుకున్నాను. నా ముఖం ఆమె భుజానికి ఆనింది. పొగ, పసుపు, ఆముదం, పాత చింతపండు, వాటి అడుగున మనిషి వాసన.

ఏడేళ్ళ కిందట ఆ పెట్టెలో నుంచి పోయింది ఇదే. ఒక్క పిసరు తేడా లేదు. ఆమెను వదలకుండా అట్లాగే పట్టుకున్నాను. దెబ్బ తగిలిందా అని ఆమె గాబరా పడింది.

"మీ అమ్మ వచ్చింది వదినా" అన్నాను. "నీ కొంగులో ఉండాది."

మొదట నా ఎగతాళే అనుకుంది. ముఖం ఎర్రబడింది. తరవాత నా కళ్ళు చూసి, కొంగు ముక్కు దగ్గరికి తీసుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. చేతులు వాసన చూసుకుంది, జుట్టు ముందుకు వేసుకుని చూసుకుంది.

"నాకు రాలేదే" అంది.

వస్తుందని ఇద్దరం చాలా చేశాం. చీర విప్పి రెండు రోజులు పెట్టెలో పెట్టి చూసింది. పొద్దున్నే ముఖం కడగకముందు చూసింది. నెల్లూరు పోయి వారం ఉండి వచ్చి, గడపలోనే చీర తెప్పించుకుని చూసింది. ఉహూఁ. ఆమె నిలువెల్లా ఆ వాసనే అయితే ఆమె ముక్కుకు అది విడిగా ఎట్లా తెలుస్తుంది. శీనమ్మకు కూడా తెలిసి ఉండదు.

అందుకని ఒక పద్ధతి పడింది. శుక్రవారం అటక దిగగానే వదిన నా దగ్గరికి వచ్చి భుజం వంచేది. నేను పని ఆపి, ముఖం ఆనించి, నిదానంగా పీల్చేదాన్ని.

"ఉండాదా?" అని అడిగేది.

"ఉండాది" అనేదాన్ని.

ఒక మార్గశిరంలో నాకు రొంప పట్టి పది రోజులు ఏ వాసనా తెలియలేదు. ఆ శుక్రవారం కూడా ఆమె వచ్చి భుజం వంచింది. నేను పీల్చాను. ఉందని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని, నేను వదిలేదాకా అట్లాగే నిలబడి, తరవాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.